ఫిల్లర్ ఇంజెక్షన్‌కు ముందు అడగవలసిన ప్రశ్న

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. ముక్కు పక్క నుంచి నోటి దాకా పడిన గీతలకు ఫిల్లర్లు వేయించుకోవాలనుకుంటున్నాను. గుండె జబ్బు కారణంగా రోజూ ఆస్పిరిన్ వాడుతున్నాను. ముందుగా ఏం తెలుసుకోవాలి?

జవాబు: ఫిల్లర్లంటే గీతలను పూడ్చడానికి చర్మం కింద సూదితో ఎక్కించే పదార్థాలు. వాటిలో ఎక్కువగా వాడేవి, శరీరంలో సహజంగానే ఉండే హైలురోనిక్ ఆమ్లంతో తయారైన జెల్‌లు. ఇవి రకాన్ని, వేసిన చోటును బట్టి సాధారణంగా 6 నుంచి 18 నెలలు నిలుస్తాయి. ఫలితం నచ్చకపోయినా, ప్రమాదం ఎదురైనా హైలురోనిడేజ్ అనే ఎంజైముతో వీటిని కరిగించవచ్చు. శాశ్వతంగా ఉంటుందని ఊరించే ద్రవ సిలికోన్ జోలికి మాత్రం పోకండి.

ఆస్పిరిన్ వల్ల చర్మం కాస్త ఎక్కువగా కమలవచ్చు. అలాగని గుండె కోసం రాసిన మాత్రను మీ అంతట మీరు మానేయడం అంతకన్నా ఎంతో ప్రమాదం. దాన్ని రాసిన వైద్యుణ్ణే సంప్రదించండి.

అన్నిటికన్నా భయపడవలసింది, జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్లి రక్తప్రసరణను అడ్డుకోవడం. ఇది అరుదే కానీ, చర్మం తెల్లగా పాలిపోయినా, వల అల్లినట్టు నీలి మచ్చలు తేలినా, నొప్పి అంతకంతకూ పెరిగినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే చికిత్స పొందాలి. అందుకే "హైలురోనిడేజ్ ఇక్కడ సిద్ధంగా ఉందా?" అని సూది వేసే వైద్యుణ్ణి నిస్సంకోచంగా అడగండి, ఆ ప్రశ్నకు చిరాకుపడే చోట వేయించుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. సిరంజి పెట్టెను మీ ఎదుటే తెరిపించి, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో తెలిపే సంఖ్య), గడువు తేదీ ఉన్న చీటీని అడిగి తీసుకోండి.

ముఖంపై చీముపొక్కులో, పెదవిపై జ్వరపు పొక్కులో ఉంటే అవి మానేదాకా వాయిదా వేయండి. వాపు సద్దుమణగడానికి సమయం పడుతుంది కనుక, 2 వారాలు గడిచాకే ఫలితాన్ని అంచనా వేయాలి.