నిగనిగలాడే పెయింట్ వేస్తే గోడ ఎగుడుదిగుడులు ఎందుకు బయటపడతాయి?

గ్లాసీ ఫినిష్ వెలుతురును అద్దంలా ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది కాబట్టి గోడలో చిన్న వంపు ఉన్నా మెరుపు అక్కడ విరిగి, లోపం కంటికి కనిపిస్తుంది.

మెరిసే పెయింట్‌లో రంగుపొడి కంటే రెసిన్ (రంగుపొడిని పట్టి ఉంచే జిగురు పదార్థం) వాటా ఎక్కువ, ఆరాక పైపొర నున్నగా తయారవుతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింట్‌లో రంగుపొడి ఎక్కువ. దాని పైభాగం కంటికి కనపడనంత గరుకుగా ఉండి వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, అందుకే గతుకులు అందులో కలిసిపోతాయి.

ఉదాహరణకు, కరెంటు పైపుల కోసం కొట్టి మళ్లీ పూత పూసిన హాలు గోడ తీసుకోండి. పక్కనే కిటికీ ఉంటే సాయంత్రం ఎండ గోడను రాసుకుంటూ వస్తుంది. గ్లాసీ వేసి ఉంటే స్విచ్ బోర్డు నుంచి సీలింగ్ దాకా ఆ పూత గీత పొడుగునా తేలుతుంది. మ్యాట్ అయితే చాలావరకు కనపడదు. ముదురు రంగులో ఈ తేడా ఇంకా ఎక్కువ.

చాలామంది ఇంకో కోటు వేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఆరిన కోటు మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, గుంతను అదెలా నింపుతుంది? లప్పం పెట్టి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ వేయకముందే బల్బును గోడకు ఆనించినట్టు పక్కనుంచి పట్టి చూడాలి. మరకలు తుడవాల్సిన వంటగదికి మాత్రం మెరుపున్న ఫినిషే మంచిది, అక్కడ లప్పం పనికి ఇంకో రోజు కేటాయించండి.