పాత పికప్ ట్రక్కులో పెట్రోల్ ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవడం ఎలా

చిరంజీవి అబ్బాయికి,

బండి ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులతో బలం కోల్పోయి ఆగిపోతోందని, కాసేపు నిలిపితే మళ్లీ మామూలుగా నడుస్తోందని, చూసినవాళ్లు పెట్రోల్ పంపు మార్చమన్నారని రాశావు. పంపు కొనకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు. పెట్రోల్ ట్యాంకు అడుగున ఉన్న జాలీ నుంచి బయలుదేరి గొట్టాలు, పంపు, ఫిల్టర్ దాటి కార్బురేటర్‌కో (పెట్రోల్‌ను గాలితో కలిపే పాతకాలపు భాగం) ఇంజెక్టర్లకో (పెట్రోల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే భాగాలు) చేరుతుంది. ఆ దారిలో ఎంతవరకు సరిగ్గా వస్తోంది, ఎక్కడి నుంచి తగ్గుతోంది అన్నది కొలిచి చూడాలి. కొలవకుండా ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోతే, బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో నీకు తెలియదు, పైగా చవకరకం కొత్త పంపు తీసేసిన పాతదానికన్నా ముందే చెడిపోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్త సంగతి. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నిప్పంటుకునేంత ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక నేలను పట్టుకుని పాకి గుంతల్లో పేరుకుంటుంది. అందుచేత ఇంజిన్ చల్లారాక, గాలి ఆడే చోట, మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా పెట్టుకుని పని చేయి. గొట్టం విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యి. ఇంజెక్టర్ల బండి అయితే ఇంజిన్ ఆపిన తరువాత కూడా గొట్టాల్లో ఒత్తిడి నిలిచి ఉంటుంది కాబట్టి, ముందు దాన్ని దించి, కళ్లద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ కప్పి, మెల్లగా వదులు చేయి.

తరువాత, లోపం పెట్రోల్‌దేనా అన్నది తేల్చుకోవాలి. స్పార్క్ సరిగా లేని బండి కూడా అచ్చం ఇలాగే మిస్సింగ్ కొడుతుంది. బండి బొత్తిగా స్టార్ట్ కానప్పుడు స్పార్క్ ఉందో లేదో చూసుకుని, గాలి లోపలికి పోయే దారిలో స్టార్టింగ్ స్ప్రే కొద్దిగా కొట్టి సెల్ఫ్ వేయి; ఇంజిన్ రెండు క్షణాలు అందుకుని ఆగిపోతే పెట్రోల్ అందడం లేదని అర్థం. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్ కోసం ఎర్రగా కాగే ప్లగ్గులు) ఉన్న డీజిల్ ఇంజిన్‌పై మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడడం కూడా మంచిదే: మొన మీద పొడి మసి దట్టంగా పడితే పెట్రోల్ ఎక్కువవుతోందని, తెల్లగా కాలినట్టు ఉంటే తక్కువవుతోందని అనుమానించవచ్చు.

ట్యాంకు దగ్గర చాలామంది ఆగరు కానీ, నీవు ఆగాలి. డాష్‌బోర్డు మీది ముల్లును నమ్మకుండా ట్యాంకులో నిజంగా పెట్రోల్ ఉందో లేదో చూడు; పాత బండ్లలో లోపలి బెండు ఇరుక్కుని అబద్ధం చెప్పడం మామూలే. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోల్ ఖాళీ అయిన కొద్దీ లోపలికి గాలి రాక శూన్యం ఏర్పడి, కొంతదూరం పోయాక బండి నిలిచిపోతుంది. ఆగిన వెంటనే మూత తిప్పినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే ఆ రంధ్రం పని చేయనట్టే. ట్యాంకులో తుప్పు ఉంటే ఆ పొడి జాలీకి అతుక్కుంటుంది, ఇంజిన్ ఆగాక పీల్పు లేక రాలి కిందికి దిగుతుంది, బండి మళ్లీ నడుస్తుంది. నీవు చెప్పిన లక్షణం దీనికి బాగా దగ్గరగా ఉంది. కొన్ని పాత పికప్ ట్రక్కుల్లో రెండు ట్యాంకులుంటాయి. నీ బండీ అలాంటిదే అయితే మీట తిప్పి రెండో ట్యాంకుపై నడిపి చూడు. లోపం మాయమైతే అది మొదటి ట్యాంకులోనో, దాని నుంచి ట్యాంకులు మార్చే వాల్వు వరకు వచ్చే గొట్టంలోనో ఉన్నట్టు. పంపు ఇంజిన్‌పై ఉన్న బండిలో అయితే ఈ ఒక్క పరీక్షతో పంపు మీది నింద తొలగిపోతుంది.

గొట్టాల విషయంలో ఒక మెలిక ఉంది. పంపు తరువాత గొట్టం చిట్లితే పెట్రోల్ బయటికి కారి తడి కనిపిస్తుంది. పంపుకు ముందు, అంటే పీల్చే వైపు చిట్లితే చుక్క కూడా కారకపోవచ్చు, దానికి బదులు గాలి లోపలికి పోతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోల్ పాతకాలపు రబ్బరును మెత్తబరిచి, ఉబ్బించి పాడు చేస్తుంది కనుక, వంపుల దగ్గరా క్లిప్పుల కిందా వేళ్లతో నొక్కి చూడు. కొంతదూరం పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా బిగిస్తే, బుడగలు వస్తున్నాయో లేదో కంటికే కనిపిస్తుంది. ఇది ఒత్తిడి తక్కువగా ఉండే కార్బురేటర్ బండికే తగును.

ఫిల్టర్ విప్పినప్పుడు విసిరేయకు. పెట్రోల్ లోపలికి వచ్చే వైపు నుంచి దాన్ని తలకిందులుగా గాజు సీసాలోకి ఒంపి, వెలుతురులో పెట్టి కాసేపు కదపకుండా ఉంచు. గోధుమరంగు పొడి అడుగున దిగితే ట్యాంకు తుప్పు పట్టినట్టు. అడుగున వేరే పొరగా, గీత గీసినట్టు నిలిస్తే అది నీరు. వార్నిష్ లాంటి ఘాటు పుల్లని వాసన వస్తే పెట్రోల్ ఎక్కువకాలం నిలిచి చెడిపోయిందని అర్థం. ఇక్కడ ట్యాంకు కడగకుండా ఫిల్టర్ ఒక్కటే మారిస్తే కొద్దిరోజుల్లో మళ్లీ ఇదే పని.

ఇక పంపు. ఇంజిన్ పక్కన బిగించి క్యామ్ షాఫ్ట్‌తో నడిచే పాత రకమైతే, ఆయిల్ కడ్డీ తీసి వాసన చూడు. పెట్రోల్ వాసన వస్తే లోపలి డయాఫ్రం (పెట్రోల్‌ను తోసే పల్చని పొర) చిరిగి ఆయిల్‌లోకి కారుతూ ఉండవచ్చు, అప్పుడు బండి నడపకుండా పంపుతోపాటు ఆయిల్ కూడా మార్చాలి. ఎలక్ట్రిక్ పంపు అయితే తాళం తిప్పగానే చాలా బండ్లలో రెండు సెకన్ల పాటు గుయ్యిమనే శబ్దం వినిపిస్తుంది. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, తుప్పు పట్టిన ఎర్త్ వైరు ముందు చూడాలి. పంపు తిరుగుతుండగా దాని కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలువు. బ్యాటరీ వోల్టేజికన్నా ఒక వోల్టుకు మించి తగ్గితే పంపుకన్నా ముందు వైరింగ్‌నే అనుమానించాలి.

అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి ప్రెషర్ గేజ్. కార్బురేటర్ బండికి సుమారు 4 నుంచి 7 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన ఒత్తిడి), థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే ద్వారం) మీదే ఇంజెక్టర్ ఉండే రకానికి సుమారు 10 నుంచి 15, ప్రతి సిలిండర్‌కూ విడిగా ఇంజెక్టర్ ఉండే రకానికి సుమారు 35 నుంచి 60 ఉండడం పరిపాటి. నీ బండికి సరైన అంకె దాని మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే ప్రమాణంగా తీసుకో. ఊరికే నిలబడి నడుస్తున్నప్పుడు ఒత్తిడి సరిగ్గా ఉన్నంత మాత్రాన సంతోషపడవద్దు, ఎందుకంటే అప్పుడు ఇంజిన్ తాగేది కొంచెమే. పూడుకుపోయిన ఫిల్టర్ గుండా ఆ కొంచెం సులభంగానే వస్తుంది. బరువు పడినప్పుడే గుట్టు బయటపడుతుంది. ఇంజెక్టర్ల బండిలో, పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కు పోయే సన్నని వాక్యూమ్ గొట్టం కూడా లాగి చూడు. అందులో పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ డయాఫ్రం చిరిగినట్టు.

కార్బురేటర్ పరీక్షకు ఇంజిన్ ఆపి, గాలి ఫిల్టర్ తీసి, చోక్ పలక తెరిచి పట్టుకుని, గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకును ఒక్కసారి లాగు. సన్నని, నిటారైన ధార పడాలి. ధార లేకపోతే కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ లేనట్టో, యాక్సిలరేటర్ పంపు తోలు ఎండినట్టో అనుకోవాలి. ఇంజిన్ ఆపాక కూడా చుక్కలు కారుతూనే ఉంటే, గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వులో మురికి ఇరుక్కుని ఉండవచ్చు.

నీ బండి లక్షణాన్ని బట్టి ముందు మూత, తరువాత ఫిల్టర్, ఆ తరువాత ట్యాంకులోని జాలీ, ఈ వరుసలో చూడు. మూత తీసినప్పుడు బుస్సుమందో లేదో, ఫిల్టర్ ఒంపిన సీసాలో ఏం దిగిందో చూశాక, గేజ్‌ను గట్టి గొట్టంతో బిగించి, కారడం లేదని రూఢి చేసుకుని, ముల్లు లోపల కూర్చున్నవారికి అద్దం గుండా కనిపించేలా దాన్ని అద్దం బయట కట్టి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తు మీదకు నడుపు. గేజ్‌ను బండి లోపలికి మాత్రం తేవద్దు. బండి నీరసించే సమయానికి ముల్లు ఎంత చూపిందో నాకు రాయి. ముల్లు పడకుండా నిలబడే ఉంటే ఇక పెట్రోల్ జోలికి పోకుండా స్పార్క్‌కు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ వైపు మళ్లుదాం.

ఇట్లు,
నీ పెదనాన్న