పిట్టలు వాలే పెరడు: మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మీ మామయ్య ఆశీస్సులు.

అమలాపురం దగ్గర కొత్త ఇంటి వెనుక మిగిలిన ఆరు సెంట్లలో పిట్టలు వాలే తోట వేయాలని ఉందని, కడియం వెళ్ళి మొక్కలు కొనేముందు నా సలహా కావాలని రాశావు. ముందుగా ఒక్క షరతు చెబుతాను. ఆకు మీద చిల్లు కనబడగానే మందు కొట్టే అలవాటు ఉంటే ఈ ఆలోచన మానుకో. గింజలు తిని బతికే పిచ్చుక, గిజిగాడు కూడా పిల్లలకు మొదటి రోజుల్లో పురుగులనే పెడతాయి. నర్సరీలో ముందు వరుసలో మెరిసే రంగురంగుల ఆకుల మొక్కలు చాలావరకు పరాయి నేలవి. వాటి ఆకును మన పురుగులు పెద్దగా ముట్టవు, అందుకే అవి అంత శుభ్రంగా కనిపిస్తాయి, అందుకే వాటిలో పిట్టకు తిండి దొరకదు. అదే నిమ్మ, కరివేపాకు మొక్కలైతే సీతాకోకచిలుక గొంగళ్ళతో నిండుతాయి, వాటిని ఏరుకోవడానికి చిన్న పిట్టలు వస్తాయి.

ఇక చెట్లను అందం చూసి కాకుండా, ఏ నెలలో ఏమి పెడతాయో చూసి ఎంచుకో. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఎర్రగా పూసే బాడిద మీద గోరింకలు, కాకులు, తేనెపిట్టలు పొద్దున్నే జేరతాయి. బూరుగుకూ అంత ఆకర్షణే ఉంది కానీ నీ స్థలానికి అది మరీ పెద్దది. ఎండలు ముదిరి వానలు పడే నాటికి వేపపండు, నేరేడు, కరివేపాకు పండ్లు వరుసగా అందివస్తాయి; చాలామంది కత్తిరించి పారేసే ఆ కరివేపాకు పండ్లంటే కోయిలకు, పికిలిపిట్టకు ఎంత ఇష్టమో ఒకసారి వదిలిపెట్టి చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో కంచె మీద దొండతీగ, భోగిపళ్ళ నాటికి రేగు ఉంటే చలికాలమూ గడిచిపోతుంది. వీటన్నిటికంటే విలువైనది మేడి, ఎందుకంటే అది ఏడాదికి ఒక్కసారి కాక పలుమార్లు కాస్తుంది. మిగతా చెట్లు ఖాళీగా ఉన్న రోజుల్లో కంసాలిపిట్టను, కోయిలను నిలబెట్టేది అదే. అయితే దాని వేళ్ళు గోడలను, మరుగుదొడ్డి గుంతను వెతుక్కుంటూ పోతాయి కనుక ఇంటికి దూరంగా, స్థలం చివరి మూలలో ఒక్కటే నాటు. రావి, మర్రి ఇంత చిన్న పెరట్లో వద్దు. వాటి విత్తనాలను పిట్టలే తెచ్చి గోడ పగుళ్ళలో వేస్తాయి, ఆ మొలకలను పీకుతూ ఉండటమే నీకు పెద్ద పని అవుతుంది. జామ మన దేశపు చెట్టు కాదని ఎవరైనా అంటే పట్టించుకోకు; ఒక్క జామచెట్టు ఉండనీ, రామచిలుకలకు ఆ వివాదం అక్కరలేదు.

మన నేల సంగతి వేరే చెప్పాలి. జూలై నుంచి నీళ్ళు నిలిచే నల్లరేగడిలో గుంత తవ్వి మొక్క పెడితే ఆ గుంతే నీటి తొట్టి అవుతుంది. అందువల్ల అడుగెత్తు దిబ్బ పోసి దాని మీద నాటు. కానుగ, నేరేడు కొంతకాలం నీటిని ఓర్చుకుంటాయి, వేప ఓర్చుకోదు, కాబట్టి వేపకు మెరక స్థలమే ఇవ్వు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునేలలో అడిగి ఉంటే గంగరావి, పొన్న చెప్పేవాణ్ణి. నర్సరీలో మనిషెత్తు మొక్క చూసి మోజుపడకు. కవరులో వేళ్ళు చుట్టలు తిరిగిన పెద్ద మొక్క కంటే మోకాలెత్తు మొక్క త్వరగా నిలదొక్కుకుంటుంది.

పెరడు మరీ శుభ్రంగా ఉండకూడదు. ఎండిన మునగ కొమ్మో, బాడిద కొమ్మో ఇంటి మీద, కరెంటు తీగల మీద పడే ప్రమాదం లేకపోతే కొట్టించకు. కంసాలిపిట్ట గూడు తొలిచేది అలాంటి మెత్తని ఎండుకొమ్మలోనే. ఎండిన కొబ్బరిమానును కూడా ఉంచమని మాత్రం చెప్పను. తల విరిగిన మాను తొర్రలో పాలపిట్ట గూడు పెడుతుందన్నది నిజమే, కానీ కుళ్ళిన మాను కొమ్ముపురుగుకు పుట్టిల్లు, చుట్టూ ఉన్న కొబ్బరి రైతుల కోపం సబబైనదే. రాలిన ఆకును కంచె వారగా పోగు చేస్తే జెముడుకాకి అందులో వెతుక్కుంటుంది. ఆ పోగు పెరటి గుమ్మానికి దూరంగా ఉండాలి, ఎందుకంటే మన ప్రాంతంలో పాములు లేని పెరడు లేదు. నేల మీద బియ్యం, నూకలు చల్లవద్దనడానికీ కారణం అదే: గింజకు ఎలుక, ఎలుకకు పాము వస్తాయి. పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీస్తే చాలు.

ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు నీటి పళ్ళెం అన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది. రెండు వేళ్ళ లోతు మించని మట్టి మూకుడు తీసుకుని, పిల్లి నక్కే పొదలకు దూరంగా, ఎగిరి వాలడానికి ఒక కొమ్మ అందుబాటులో ఉండేలా పెట్టు. నీళ్ళు రోజూ మార్చకపోతే, మూకుడు తోమకపోతే దోమలు పెరుగుతాయి.

బాడిద మొక్కను డబ్బిచ్చి కొనకు. మా చేనిగట్టు మీద ఉన్న చెట్టు నుంచి చేతి మణికట్టంత లావు కొమ్మలు కొట్టి ఇస్తాను, తొలకరిలో పాతితే వేళ్ళు పోసుకుంటాయి. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక మీ ఆయనను బండి వేసుకుని రమ్మను. అప్పటికి దిబ్బలు పోయించి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య