రోడ్‌షోకి జనం పోటెత్తితే ఆ అభ్యర్థి గెలిచినట్టేనా?

కాదు, రోడ్‌షోలో కనిపించిన జనాన్ని బట్టి ఆ నియోజకవర్గంలో గెలుపు చెప్పలేం. అభిమానం ఏ ఊరివాళ్లకైనా ఉండొచ్చు. ఓటు మాత్రం పేరు ఏ బూత్ జాబితాలో ఉందో అక్కడే పడుతుంది. గోదావరి డెల్టాలో ఊళ్లు దగ్గరదగ్గర. పాలకొల్లులో సభంటే నరసాపురం, ఆచంట, భీమవరం నుంచి కుర్రాళ్లు బైకులేసుకుని వచ్చేస్తారు. క్రేన్‌కి గజమాల వేలాడదీసి, సెంటర్లో గంటల తరబడి నిలబడేవాళ్లలో 18 ఏళ్లు నిండనివాళ్లూ ఉంటారు. చాలామంది బండి వెంటే ఊరూరా తిరుగుతారు, దాంతో అదే గుంపు ప్రతిచోటా కొత్త జనంలా కనిపిస్తుంది. ఎండకి గడప దాటని ముసలివాళ్లు, ఊడ్పులకో కోతలకో వెళ్లే ఆడవాళ్లు ఆ వీడియోల్లో పెద్దగా కనపడరు. పోలింగ్ రోజు క్యూలో ఉండేది వాళ్లూనూ.

ఉదాహరణకి, 2009లో చిరంజీవి తన సొంతూరు మొగల్తూరుకి దగ్గర్లోని పాలకొల్లులో ఓడి, తిరుపతిలో గెలిచారు. ఆయన పార్టీ ప్రజారాజ్యానికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలోని 294 స్థానాల్లో దక్కినవి 18.

ఓడిపోగానే "అదంతా డబ్బిచ్చి తోలిన జనం" అనేస్తారు. అది పొరపాటు, తోలడం ఉన్నా, సినిమా తారల సభలకి సొంత పెట్రోలు పోసుకుని వచ్చేవాళ్లూ చాలామందే ఉంటారు. ఆ ప్రేమ నిజమే. కానీ ఓటు దగ్గరికొచ్చేసరికి కాలువ నీళ్లు, ధాన్యం డబ్బులు, పిలిస్తే పలికే స్థానిక నాయకుడు ఎవరన్నది చూస్తారు.