పాస్టర్ లేకుండా ఆరాధన ఏమిటి?

ప్రశ్న: మాది విశాఖ వన్‌టౌన్. మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్న మా అమ్మాయి, ఇంకో అయిదుగురు కలిసి లైబ్రరీలో గది తీసుకుని క్వేకర్ మీటింగ్ మొదలుపెట్టారట. పాస్టర్ లేడు, పాట లేదు, ప్రభురాత్రి భోజనం లేదు. గంటసేపు ఊరికే కూర్చుంటారట. దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు మేడమ్? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయి కొత్త మతమేమీ కనిపెట్టలేదమ్మా. 1650 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన, దేవుడి మాట వినడానికి మధ్యలో పురోహితుడు అక్కర్లేదన్నాడు. అన్నందుకు చాలాసార్లు జైలుకి వెళ్ళాడు. ఆయన వెంట నడిచినవాళ్ళు తమను ఫ్రెండ్స్ అని చెప్పుకుంటారు. క్వేకర్ అంటే వణికేవాడు, ఎవరో వెక్కిరింతగా అన్న మాటే పేరైపోయింది. బాప్తిస్మం, రొట్టె, ద్రాక్షారసం బయటి గుర్తులే, లోపల జరిగేది చాలంటారు. అలాగని అందరూ మౌనంగా కూర్చోరు. క్వేకర్లు బాగా ఎక్కువగా ఉన్న కెన్యాలో పాస్టర్లూ ఉన్నారు, పాటలూ ఉన్నాయి.

ఇక పర్మిషన్ సంగతి. బిషప్ వచ్చి రిబ్బన్ కత్తిరించడం వీళ్ళలో లేదు. ముందు కూర్చోవడం మొదలుపెడతారు. అప్పటికి దాన్ని వర్షిప్ గ్రూప్ అంటారు. మామూలుగా చుట్టుపక్కల పాత మీటింగ్ ఒకటి, అంటే వాళ్ళ సంఘమే, వీళ్ళ మంచిచెడ్డలు చూస్తుంది. లెక్కలు రాసుకోగలరు, సభ్యుల్ని చేర్చుకోగలరు, పెళ్ళి జరిపించగలరు అన్న నమ్మకం కుదిరాక సొంత మంత్లీ మీటింగ్ అవుతారు. వ్యవహారాలు నెలకోసారి మాట్లాడుకుంటారు కాబట్టి ఆ పేరు. ఆరాధన వారం వారమే. పెళ్ళికి కూడా పురోహితుడు ఉండడు. ఒకరికొకరు మాటిచ్చుకుంటారు, వచ్చినవాళ్ళంతా, పిల్లలతో సహా, సర్టిఫికెట్ మీద సంతకం పెడతారు.

మా అబ్బాయి దగ్గర పెన్సిల్వేనియాలో ఉన్నప్పుడు నేనూ ఒకసారి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళు క్లాసులో "సైలెన్స్!" అని అరిచిన టీచర్ని, నాకు మౌనం ఒక లెక్కా అనుకున్నాను. పది నిమిషాలకే సీతమ్మధారలో గ్యాస్ కట్టేశానో లేదో అని మొదలైంది. నలభయ్యో నిమిషానికి ఒక ముసలాయన లేచి, తన తమ్ముడితో మాట్లాడి పదేళ్ళయిందని, ఈ రోజు ఫోన్ చేస్తానని చెప్పి కూర్చున్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. చివర్లో పక్కవాళ్ళకి చేయి కలిపారు, అంతే.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. ఆరాధన అయ్యాక వ్యవహారాలు మాట్లాడుకునేటప్పుడు వీళ్ళు ఓట్లు వేయరు. కుర్చీలు కొనాలా వద్దా అన్నా అందరికీ సమ్మతమనిపించేదాకా ఆగుతారు. క్లర్క్, అంటే ఆ సభ నడిపే మనిషి, తీర్మానం అక్కడికక్కడే రాసి చదువుతాడు, సరేనంటేనే అది నిలబడుతుంది. ఆ రోజు కుర్చీల మాట తేలక వచ్చే నెలకి పోయింది. నాకు నవ్వొచ్చింది గానీ, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మోటార్‌కి తొమ్మిది ఓట్లు ఇటు, ఏడు అటు పడితే, ఆ ఏడుగురూ ఈ రోజు వరకు డబ్బు కట్టలేదు.

కాబట్టి మీ అమ్మాయిని దేవుడి గురించి నిలదీయకండి. ఏ మీటింగ్ వాళ్ళని చూసుకుంటోంది, గది అద్దె ఎవరు కడుతున్నారు, క్లర్క్ ఎవరు, ఈ మూడూ అడగండి. ఒకవేళ మీరు వెళ్తే దగ్గు బిళ్ళ కాగితం ఇంట్లోనే విప్పేయండి. నేను విప్పిన చప్పుడుకి గదిలో సగంమంది కళ్ళు తెరిచారు.