తరతరాలుగా గుంటూరు మిర్చి తింటే పిల్లలకు కారం ఓర్చుకునే గుణం పుట్టుకతోనే వస్తుందా?

రాదు, తిన్న తిండి అలవాటు జన్యువుల్లోకి ఎక్కదు. రోజూ కారం తింటే నాలుక మీది నరాలు ఘాటుకు కాస్త మొద్దుబారతాయి, అంతే. అందుకే గుంటూరు పిల్లాడైనా ఎండుమిర్చి వేసిన గోంగూర పచ్చడి మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని మజ్జిగ కోసం ఏడుస్తాడు. పైగా మిరప మన దేశానికి వచ్చి సుమారు 500 ఏళ్లే.

తిండి జీవపరిణామాన్ని, అంటే తరతరాలుగా జీవుల్లో వచ్చే మార్పును, ప్రభావితం చేసేది వేరే దారిలో. పెద్దయ్యాక పాలు అరగకపోవడమే మనుషుల్లో పాత లక్షణం. పశువుల్ని పెంచిన కొన్ని సమూహాల్లో, పాలు అరిగే జన్యుమార్పు యాదృచ్ఛికంగా ఉన్నవాళ్లకు సంతానం ఎక్కువ మిగిలింది. కొన్ని వేల ఏళ్లలో అది వ్యాపించింది. "తాత తిన్నాడు కాబట్టి మనవడికి అరుగుతుంది" అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఇప్పటి తిండితో వచ్చే షుగర్ ఎక్కువగా పిల్లలు పుట్టాకే బయటపడుతుంది, కాబట్టి దాన్ని పరిణామం ఏరివేయడం చాలా కష్టం.