వాసన వస్తోంది, పీక్ రావట్లేదు

ప్రశ్న: సార్, నేను ఇంజెక్షన్ల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తున్నా. ఒక యాంటీబయోటిక్ పౌడర్ వయల్ మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంటోంది. హెడ్‌స్పేస్ జీసీలో (వయల్‌ని వేడిచేసి పౌడర్ పైన చేరిన ఆవిరిని విడదీసి చూసే గ్యాస్ క్రొమటోగ్రఫీ) పెట్టి ఎఫ్ఐడీ (మంటతో పనిచేసే డిటెక్టర్) మీద చూస్తే ఎసిటోన్, ఇథనాల్ పీకులు (గ్రాఫ్‌లో లేచే శిఖరాలు) తప్ప ఏం లేవు, అవీ లిమిట్ లోపలే. మరి ఈ కంపు దేనిది?

జవాబు: మీ ముక్కు కరెక్టే, డిటెక్టరే తప్పు ఎంచుకున్నారు. ఎఫ్ఐడీ మంటలో కార్బన్ కాలితే వచ్చే అయాన్లని పట్టుకుంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌లో అసలు కార్బనే లేదు, ఇంక దానికేం దొరుకుతుంది చెప్పండి. మెర్కాప్టాన్లలో (ఇవీ కంపు కొట్టే సల్ఫర్ కాంపౌండ్లే) కార్బన్ ఉంది గానీ అవి పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) లెవెల్లో ఉన్నా ముక్కుకి తెలిసిపోతాయి, ఎఫ్ఐడీలో మాత్రం బేస్‌లైన్ (గ్రాఫ్ అడుగు గీత) కూడా కదలదు. పీక్ పెద్దదైతే వాసనా దానిదే అనుకోవడం మా రోజుల్నించీ ఉన్న పొరపాటే లెండి. ఎసిటోన్‌కి ఐసీహెచ్ (మందులకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే సంస్థ) లిమిట్టే 5000 పీపీఎం, పైగా అది గుడ్డు కంపు కొట్టదు కదా.

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ల రింగ్‌లోనే సల్ఫర్ ఉంటుంది కాబట్టి మందు కాస్త విడిపోయినా అనుమానం అటే పోవాలి. సల్ఫర్‌ని పట్టే డిటెక్టర్లు, అంటే ఎఫ్‌పీడీ (ఫ్లేమ్ ఫొటోమెట్రిక్ డిటెక్టర్) గానీ సల్ఫర్ కెమీల్యూమినిసెన్స్ గానీ పెట్టండి. లైన్‌లో మామూలు స్టీల్ ఉంటే ఈ గ్యాసులు దానికే అతుక్కుపోయి డిటెక్టర్ దాకా రావు, అదీ చూసుకోండి. స్నిఫ్ పోర్ట్ (వాసన చూసే గొట్టం) ఉంటే కాలమ్ (ఆవిరిని విడదీసే జీసీ గొట్టం) చివర సగం డిటెక్టర్‌కి, సగం మనిషి ముక్కుకి పంపి ఏ నిమిషంలో కంపొచ్చిందో రాసుకోవచ్చు. అంతేగానీ వయల్‌లో ముక్కు పెట్టకండి బాబూ, ఆ పౌడర్‌తోనే ఎలర్జీ అంటుకుంటుంది.

అదే సెఫ్టాజిడైమ్ అయ్యుంటే కంపు వేరేలా ఉండేది, అది పాడైతే పిరిడిన్ వస్తుంది, చేప కుళ్ళినట్టుంటుంది, దాన్ని ఎఫ్ఐడీ బాగానే పడుతుంది.

ఇంకోటి, హెడ్‌స్పేస్ ఓవెన్ ఎంతలో పెట్టారో రాయలేదు. ఎక్కువ వేడి పెడితే మందు ఓవెన్‌లోనే విడిపోయి లేని కంపు పుట్టుకొస్తుంది, తర్వాత దాన్ని బ్యాచ్ మీద వేస్తాం. అందుకే రెండు మూడు టెంపరేచర్లలో, వాసన లేని బ్యాచ్‌తో పక్కపక్కన రన్ చేయండి. వీటన్నిటికంటే ముందు అదే లాట్ రబ్బర్ స్టాపర్ ఖాళీ వయల్‌కి పెట్టి జీసీలో ఒక రన్ వేసి చూడండి, సల్ఫర్‌తో క్యూర్ చేసిన (గట్టిపరిచిన) రబ్బరైతే మందు తప్పేమీ లేకుండానే సల్ఫర్ పీక్ రావచ్చు.